ముఖం ఎట్ల పెట్టింది?

వదిన ఫోన్ చేసిన మధ్యాహ్నం నేను చేస్తున్న పని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఎప్పుడో నేను రాసిన సీరియల్‌ను ఎవరో పుణ్యాత్ములు రోజుకొక ఎపిసోడ్ చొప్పున ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. దాని కింద జనం రాసే కామెంట్లను ఒక్కటి కూడా వదలకుండా చదవడం నాకు అలవాటైపోయింది. సీరియల్ ముగిసి ఇన్నేళ్లయినా అందులోని వసుంధర అనే పెద్దకోడలిని తిట్టడానికి మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు. ఈమె కనబడితే టీవీ పగలగొట్టాలనిపించేది అని ఒకామె రాస్తుంది. మా అత్త అచ్చం ఇంతే, ఆ తాళంచెవుల గుత్తితో సహా అని ఇంకొకామె. అబద్ధం చెప్పే ముందు వసుంధర పొడిగా రెండుసార్లు దగ్గుతుంది చూశారా, అది ఎవరు రాశారో గానీ వాళ్ల చేతికి దండం పెట్టాలి అని మరొకరు. ఆ చెయ్యి నాదే. దగ్గు మాత్రం మా పెద్దమ్మది. తాళంచెవుల గుత్తీ ఆమెదే. చక్కెర డబ్బాను బియ్యం కుండలో దాచే తెలివీ ఆమెదే. వసుంధరను తిట్టిన ప్రతి తిట్టూ నాకు కడుపునిండా అన్నం పెట్టినట్టుంటుంది, ఆ మాట దాచుకోను.

కానీ ఆ కామెంట్లలో ఇంకో రకం ఉన్నాయి. అవి కనబడగానే ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఇంతకాలం ఏడిపించిన మనిషి ఆఖరి ఎపిసోడ్‌లో ఉన్నట్టుండి మారిపోయి తోడికోడలి కాళ్లు పట్టుకుంటుందా, రాసినవాళ్లకు చివరికి చేతకాలేదు అని రాస్తారు. ఈ మాట వీళ్లందరికంటే ముందు మా అమ్మ అన్నది. అందుకే అది నాకు ఈ రోజుకూ అరగలేదు.

"అరుణా, మా అత్తమ్మ నిన్ను ఒకపారి రమ్మంటాంది," అంది వదిన ఫోన్లో. వదిన అంటే పెద్దమ్మ కోడలు సుజాత. "నీ సీరియల్ మల్ల వస్తాంది గద, రోజు దాన్నే పెట్టుమంటది. ఆఖరుది వచ్చిందట. నీ పక్కన కూసోని చూస్తదట."

"చూస్తదా?" అన్నాను. షుగరు ముదిరి పెద్దమ్మకు రెండు కళ్లూ పోయి చాలా కాలమైంది.

"అదేలే, ఇంటది," అంది వదిన.

వస్తానని అప్పటికప్పుడు చెప్పలేదు. చెప్పకుండానే రెండు రోజులు గడిపాను. ఆ రెండు రోజులూ వంట చేస్తున్నా బట్టలు మడుస్తున్నా నేను పుట్టిపెరిగిన కొత్తవాడ ఇల్లే కళ్లలో తిరిగింది.

కొత్తవాడలో ఏ సందులోకి వెళ్లినా జంపఖానాలు నేసే ఇళ్లే. మా ఇంట్లో అందరికంటే ముందు రంగు లేచేది. పెరట్లో పెద్ద గుండిగలో రంగునీళ్లు కాగుతుంటే ఆ ఘాటుకు కళ్లు మండి మెలకువ వచ్చేది. తడి నూలు వాసన, గంజి వాసన, ఆ రెంటి మధ్య ఎక్కడో అన్నం ఉడికే వాసన. రంగులద్దడం, నూలు తేవడం, సరుకు అమ్మడం పెద్దనాన్న చూసుకునేవాడు. అమ్మా నాన్నా మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లు. జంపఖానా నేతలో, దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడెతో గబగబా కొట్టేది ఒక రకం. పూలు, గళ్లు, అక్షరాలు తేవాలంటే మాత్రం రంగు దారాలు ఒక్కొక్కటే చేత్తో దూర్చాలి. ఒక వరస నిండాక పంజాతో, అంటే ఇనప పళ్లున్న చిన్న పనిముట్టుతో, దబదబా కొట్టి ఆ వరసను బిగించాలి. అమ్మ పంజా దెబ్బ అంత సమంగా ఎవరికీ పడేది కాదని ఆ వాడలో అందరూ అనేవాళ్లు. పెద్దమ్మ మగ్గం మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఇంటి పెద్దకోడలు. బియ్యం కొలవడం, తాళాలు వేయడం, ఎవరు ఎంత తిన్నారో చూడడం ఆమె పని. పొద్దున్నే అమ్మ చాయ్‌లో చక్కెర వేయబోతే "చక్కెర అయిపోయింది సత్తెమ్మా" అనేది, ముందు రెండుసార్లు దగ్గి. సత్తెమ్మ మా అమ్మ పేరు.

ఆ పేరు గురించే చెప్పాలి. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నేత సంఘం వాళ్లు జంపఖానాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి కలర్ టీవీ. అమ్మ ఇంటిపని, రోజువారీ నేత ముగించుకున్నాక మిగిలిన కాస్త సమయంలో నెలల తరబడి ఒక జంపఖానా నేసింది. నమూనా ఎవరిదీ కాదు, ఆమె మనసులోంచి తీసింది. బతుకమ్మను పైనుంచి వంగి చూస్తే ఎలా కనబడుతుందో అలా, తంగేడు పసుపు, గునుగు తెలుపు, కట్లపూల నీలం, వరస లోపల వరస, నడిమధ్యన గుమ్మడిపువ్వు. పోటీకి పెట్టే జంపఖానాకు ఆఖరి అంచున నేసినవాళ్ల పేరు ఉండాలి. అమ్మకు చదువు రాదు. నా లెక్కల నోటుబుక్కులో గళ్ల కాగితం చింపి, గడికి ఇన్ని దారాలని లెక్క చూసుకుని, 'సత్తెమ్మ' అని పెద్దగా గళ్లు నింపి ఇచ్చాను. ఆ 'త్తె' దగ్గర ఆమె మూడుసార్లు విప్పి మూడుసార్లు నేసింది. నేను రాసిన అక్షరాలు నా మూరెడు పొడవున రంగుల్లో తేలడం చూసి నాకు ఆ పూట అన్నం సహించలేదు, అంత సంబరం. నేను రాయగా నలుగురు చూడబోయే మొదటి మాట అది, మా అమ్మ పేరు.

మర్నాడు పెద్దమ్మ వచ్చి మగ్గం దగ్గర నిలబడింది. "మగ్గం ఎవలది? నూలు తెచ్చిందెవలు? పెద్దకోడలు బతికుండంగ చిన్నకోడలి పేరు అంచుకెక్కితే నలుగురు ఏమనుకుంటరు సత్తెమ్మా?" అంది. పెద్దనాన్న రంగు చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. నాన్న తల వంచుకుని తెగని దారాన్ని ముడేస్తూ కూర్చున్నాడు. మా నాన్నను నేను చాలా విషయాల్లో క్షమించాను గానీ ఆ ముడి విషయంలో క్షమించలేదు. పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుంది. "బిడ్డా, నువ్వు మంచిగ రాస్తవట. నా పేరు సుత రాసియ్యి. ఇద్దరి పేర్లు ఉంటయ్," అంది. ఆ మాటకు ముందు రెండుసార్లు దగ్గింది. అప్పటికి ఆ దగ్గు అర్థం నాకు తెలియదు. నా చేతిరాతను మెచ్చుకున్నందుకు ఉబ్బిపోయి, ఇంకో గళ్ల కాగితం మీద 'ప్రమీల' అని అమ్మ పేరుకంటే అందంగా రాసిచ్చాను.

సాయంత్రం బడినుంచి వచ్చేసరికి అమ్మ తన పేరును తానే విప్పుకుంటోంది. ఒక్కో దారం లాగి, తెగకుండా కండెకు చుట్టుకుంటోంది, నూలు వృథా కాకూడదు కదా. ఆమె ముందు మగ్గం చెక్కకు నేను గీసిచ్చిన 'ప్రమీల' కాగితం గుచ్చి ఉంది. అమ్మ ఏడవలేదు. నన్ను తిట్టలేదు. "కాళ్లు కడుక్కోని అన్నం తినుపో," అని మాత్రం అంది. మొదటి బహుమతి ఆ జంపఖానాకే వచ్చింది. టీవీని రిక్షాలో పెట్టుకుని, మెడలో దండతో, పెద్దమ్మ వాడంతా తిరిగి వచ్చింది.

టీవీ పెద్దమ్మ గదిలోకి వెళ్లింది. ఆ గదికీ మగ్గాల గదికీ మధ్య ఒకటే గోడ. పైన ఒక ఇటుక మందం సందు ఉండేది, గాలి కోసం వదిలింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక సీరియల్ వచ్చేది. దానికి ఏదో పేరుండేది గానీ కొత్తవాడలో ఎవరూ ఆ పేరు పలకలేదు, రెండు గంటల సీరియల్ అనేవాళ్లు. రెండయ్యేసరికి చుట్టుపక్కల ఇళ్లలో మగ్గాల చప్పుడు తగ్గిపోయేది. ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి పెద్దమ్మ గదిలో కూర్చునేవాళ్లు. మొదటి రోజు అమ్మ కూడా లేవబోయింది. "అందరు లేస్తే మగ్గం ఎవలు నడుపుతరు? నువ్వు ఇనుకుంట నేసుకో సత్తెమ్మా, గోడ ఏమన్న అడ్డమా?" అంది పెద్దమ్మ. ఆ మాటకు గదిలో ఆడవాళ్లు నవ్వారు. అలా మా అమ్మ తాను గెలిచిన టీవీని గోడ ఇవతలనుంచి వినడం మొదలుపెట్టింది. సీరియల్ ముగిసేదాకా, అంటే నేను పదో తరగతికి వచ్చేదాకా, ఒక్క ఎపిసోడ్ కూడా కళ్లతో చూడలేదు.

విన్నంత మాత్రాన ఏమీ పోగొట్టుకోకూడదని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. మాటలు నడుస్తున్నంతసేపూ పంజా ముట్టేది కాదు, చప్పుడు లేకుండా రంగు దారాలు దూర్చుతూ ఉండేది. ప్రకటనలు రాగానే అంతసేపటి వరసలనూ ఒక్కసారిగా దబదబా కొట్టేసేది. గోడకవతల ఉన్నవాళ్లకు ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆ దెబ్బలు వినబడేవి. అమ్మ తన పనిని ఆపిందనీ ఎవరూ అనలేకపోయారు, ఒక్క మాట పోగొట్టుకుందనీ అనలేకపోయారు. సెలవుల్లో, ఒంటిపూట బడి రోజుల్లో నేనే ఆమె కళ్లు. పెద్దమ్మ గది గడప మీద కూర్చుని చూసి, ప్రకటనలు రాగానే పరుగెత్తి మగ్గం దగ్గరికి వెళ్లేదాన్ని. అమ్మ కథ అడిగేది కాదు, కథ తాను వినేసింది. "ముఖం ఎట్ల పెట్టింది?" అని అడిగేది.

"ఏడ్చుకుంట చెప్పిందమ్మా."

"కండ్లెటు చూస్తున్నయ్? కింద చూస్తున్నదా, మనిషిని చూస్తున్నదా?"

"కిందికి."

"అయితే ఉత్త ఏషాలే. గొంతు ఎట్లనన్న మాట్లాడుతది బిడ్డా. ముఖం చూడాలె."

ఆ ప్రశ్న కోసం నేను ముఖాలు చూడడం నేర్చుకున్నాను. తర్వాత అదే నాకు కూడు పెట్టింది.

ఆ సీరియల్లో హేమలత చిన్నకోడలు, దమయంతి పెద్దకోడలు. దమయంతి చేయని ఘోరం లేదు, హేమలత పడని కష్టం లేదు. సీరియల్ అయిపోగానే మా ఇంటి ముందు నల్లా దగ్గర పంచాయతీ మొదలయ్యేది. మాకు కండెలకు నూలు చుట్టే రాజవ్వ హేమలత పక్షం. హేమలతకు ప్రమాదమై దవాఖానాలో కళ్లు తెరవకుండా పడి ఉన్న రోజుల్లో రాజవ్వ మేడారం సమ్మక్కకు మొక్కేసింది, హేమలత లేస్తే ఆమె ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే అక్కడ బెల్లమే. హేమలత లేచి కూర్చుంది. ఇక మొక్కు చెల్లించాలి, కానీ టీవీలో మనిషి బరువు ఎవరికి తెలుసు? నల్లా దగ్గర రెండు రోజులు వాదన జరిగింది. చివరికి ఒళ్లు హేమలతలాగే ఉందని నన్ను తీసుకుపోయి త్రాసులో కూర్చోబెట్టారు. నేను పుల్లలా ఉండబట్టి రాజవ్వ బతికిపోయింది. ఆ వారమే అమ్మకు మలేరియా. వణుకుతూ మగ్గం మీద కూర్చుంది. హేమలత కోసం బెల్లం తూచిన వాళ్లలో ఒక్కరు కూడా గోడకివతలకు వచ్చి నుదురు ముట్టుకోలేదు. రాజవ్వ మీద నాకు ఇప్పుడు కోపం లేదు, ఆమె అమాయకురాలు. మిగతావాళ్ల మీద ఉంది.

ఆ సీరియల్ రాత గురించి అమ్మ అన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. "ఈ రాసెటోడు ఎన్నడు పొయ్యికాడ నిలబడలే. ఎసరు పెట్టి అద్దగంట ఏడ్చింది. ఎసరు ఇంకదా? కుండ మాడదా?" అనేది. ఇంకోసారి, "దమయంతికి ఇంట్ల పనేముందో చెప్తలేడు. ఉత్తగనే చెడ్డదెందుకైతది మనిషి? ఖాళీగ కూసుంటే అయితది. తాళాలు చేతిలుంటే అయితది. అది రాయాలె గద," అంది. చదువుకున్నవాళ్లు పాత్రచిత్రణ అని పెద్ద పెద్ద పుస్తకాలు రాస్తారు. వాటిలో ఇంతకుమించి నాకేమీ దొరకలేదు.

ఇక పెద్దమ్మ. ఆమెను అలా చూడకపోయి ఉంటే ఈ కసి నాలో ఇంతకాలం నిలిచేది కాదేమో. హేమలత కష్టాలకు ఆ గదిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది పెద్దమ్మే. దమయంతి కనబడితే పళ్లు కొరికేది. ఒకసారి హేమలత కుట్టిన చీరను దమయంతి తాను కుట్టానని చెప్పి అందరి ముందూ మెప్పు పొందింది. పెద్దమ్మ కొంగుతో ముక్కు చీదుకుంటూ, "ఒకల కష్టం మింగేదాని చేతులు ఇరిగిపోవాలె. ఇసొంటిదాన్ని భూమి ఎట్ల మోస్తాందో," అంది. అంతలో ప్రకటనలు వచ్చాయి. గోడ అవతలనుంచి అమ్మ పంజా దబదబా మోగింది. పెద్దమ్మకు ఆ రెండు చప్పుళ్లకూ సంబంధం తోచలేదు. "జర మెల్లగ కొట్టు సత్తెమ్మా, తల నొస్తాంది," అంది. నేను గడప మీద కూర్చుని ఆమె చేతులు చూశాను. అవి విరగలేదు. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈమెను ఏదో ఒకరోజు అదే పెట్టెలో పెట్టి, ఈ ఆడవాళ్లందరి చేతా తిట్టిస్తానని.

చేశాను కూడా. హైదరాబాదులో చిన్నాచితకా మాటలు రాస్తూ రాస్తూ, చివరికి ఒక పగటి సీరియల్‌కు కథ, మాటలు రెండూ నా చేతికొచ్చాయి. వసుంధరను రాయడానికి నేనేమీ ఊహించాల్సిన పని లేకపోయింది. అమ్మ చెప్పినట్టే తాళాలిచ్చాను, ఖాళీ ఇచ్చాను. చిన్నకోడలి పేరును ఆమె చేతనే చెరిపించాను. రోజూ కొత్తవాడకు ఫోన్ చేసి రాజవ్వను అడిగేదాన్ని, జనం ఏమంటున్నారని. "దుమ్మెత్తి పోస్తాన్రు బిడ్డా," అనేది. నాకు కావాల్సింది మాత్రం వేరు. "పెద్దమ్మ ఏమంటాంది?" అనేదాన్ని. రాజవ్వ చెప్పేది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అప్పటికే కళ్లు మసకబారి తెరమీద ముఖాలు ఆనకపోయినా, పెద్దమ్మ ప్రతిరోజూ ముందు వరసలో కూర్చుని, వసుంధరను చెప్పుతో కొట్టాలని తిడుతోందట. తాళాలగుత్తి నడుముకు దోపుకుని, దగ్గుతూ, తనను తానే తిడుతోంది, తెలియకుండా.

ఇంకొన్ని వారాలు సాగనిచ్చి ఉంటే వసుంధరను నేను అనుకున్నచోట నిలబెట్టేదాన్ని, నలుగురి ముందూ ఒంటరిగా. కానీ చానెల్ వాళ్లు పిలిచి, సీరియల్ ముగించేస్తున్నామనీ, చూసేవాళ్లు సంతోషంగా లేవాలనీ, వసుంధరను మార్చేయమనీ అన్నారు. అది వాళ్లు ఆజ్ఞాపించారనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి నేను గట్టిగా కాదనలేదు. తర్వాతి సీరియల్ నాకే ఇస్తామన్నారు. వసుంధర చేత చిన్నకోడలి కాళ్లు పట్టించి, 'నీ పేరు చెరిపి నా పేరు రాసుకున్నాను, నన్ను క్షమించు చెల్లీ' అనిపించాను. మా పెద్దమ్మ జన్మలో అనని మాటను నా చేత్తో రాసి పెట్టాను. ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రమే పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుందట. "అది నేనే. మా అరుణ నామీదనే రాసింది. ఆఖరుకు ఎంత మంచిగ చూపెట్టింది చూసిన్రా? పాతయన్ని కడిగేసింది." తిట్లు తిన్నన్నాళ్లూ అది ఎవరో. కడిగిన ముత్యమయ్యాక మాత్రం అది తనే.

అమ్మ అప్పుడు నా దగ్గరే ఉండేది. ఎదురుగా టీవీ ఉన్నా ముఖం పక్కకు తిప్పుకుని వినేది, అంతకాలం అలవాటు మరి. ఆఖరి ఎపిసోడ్ రోజు మాత్రం తిరిగి తెరవైపు కూర్చుని రెప్ప వేయకుండా చూసింది.

"వసుంధర ఏషమేసిన పిల్ల ముఖం మంచిగనే పెట్టింది. పాపం, నిజంగనే ఏడ్చింది," అంది. తర్వాత, "నీకెవలు చెప్పిన్రు మీ పెద్దమ్మ మారిందని? నాకైతే చెప్పలే," అంది.

చానెల్ వాళ్లు, అది, ఇది అని నేనేదో అనబోయాను.

"రెండోపారి రాసిచ్చినవ్ బిడ్డా ఆమెకు," అంది అమ్మ.

ఆ గళ్ల కాగితం గురించి అమ్మ అంతకుముందెన్నడూ ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. ఆ తర్వాత కూడా మేమిద్దరం ఆ మాట మళ్లీ మాట్లాడుకోలేదు. అమ్మ పోయింది. ఆమె ఒంటిమీద ఆఖరిసారి నీళ్లు పోస్తున్నప్పుడు పెద్దమ్మ వచ్చి, "మేమిద్దరం అక్కాచెల్లెండ్లలెక్క ఉన్నం," అని ఏడ్చింది. నలుగురూ తలలూపారు, సీరియల్ చూసినవాళ్లు కదా.

ఇవన్నీ గుర్తొచ్చాక వెళ్లకుండా ఉండలేకపోయాను. మూడో రోజు బస్సెక్కాను. కొత్తవాడ సందుల్లో ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి నల్లా దగ్గర ఎవరూ లేరు. ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి ఫోన్ వాళ్లు. అప్పట్లో దమయంతిని వెనకేసుకురావాలంటే నల్లా దగ్గర నిలబడి నలుగురి ముఖాల్లో చూసి చెప్పాలి. ఇప్పుడు కామెంట్లలో తన ఫోటోకు బదులు పెట్టుకున్న పువ్వు బొమ్మ వెనక దాక్కుని రాయొచ్చు. నేనూ అలా దాక్కుని రెండు మూడుసార్లు వసుంధరను తిట్టాను.

పెద్దమ్మ గది అదే, గోడ అదే. అవతల మగ్గాలు లేవు, అక్కడ ఎవరో బండ్లు పెట్టుకుంటున్నారు. పెద్దమ్మ ఎండిపోయి చిన్నదైంది. నడుముకు తాళాలగుత్తి మాత్రం ఉంది. సుజాత వదినకు మనవలు పుట్టే వయసొచ్చినా ఆ గుత్తి ఆమె చేతికి రాలేదు. గోడకు ఆనుకుని, కింద పరిచిన పాత జంపఖానా మీద కూర్చుని ఉంది పెద్దమ్మ. తంగేడు పసుపు మట్టిరంగుకు తిరిగింది, కట్లపూల నీలం వెలిసింది. అంచున 'ప్రమీల' ఇంకా చదవడానికి వస్తోంది. నా అక్షరాలే.

"కూసో బిడ్డా, దీనిమీదనే కూసో," అంది చేత్తో జంపఖానా నిమురుతూ. "నేను నేసింది. దీనికే టీవీ వచ్చింది, యాదికున్నదా?"

నేను దగ్గు కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆమె గొంతులో అబద్ధం లేదు. ఇన్నేళ్లు చెప్పుకుని చెప్పుకుని ఆమెకు అది నిజమైపోయింది. మా అమ్మను మగ్గం మీదనుంచి కూడా తీసేసింది. దారిలో కొంత మెత్తబడ్డానేమో, ముసలామె, కళ్లులేని మనిషి అనుకున్నానేమో. అదంతా అక్కడే ఇంకిపోయింది.

వదిన సీరియల్ పెట్టి చాయ్ కోసం లోపలికి వెళ్లింది. ఆఖరి ఎపిసోడ్ మొదలైంది. పెద్దమ్మ మెడ చాచి, తల ఒక పక్కకు వంచి వింటోంది. అచ్చం అమ్మ విన్నట్టే. తెరమీద వసుంధర చిన్నకోడలి ముందు మోకాళ్ల మీద కూలబడింది. నేను రాసిన మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. 'నీ పేరు చెరిపి నా పేరు రాసుకున్నాను.' పెద్దమ్మ ముఖం విప్పారింది. నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ముఖం ఎట్ల పెట్టింది బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆ నోటినుంచి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. తెరమీద వసుంధర వేషం వేసిన అమ్మాయి కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. ఆ రోజు సెట్లో గ్లిజరిన్ వద్దని తానే ఏడ్చింది.

"నవ్వుతాంది పెద్దమ్మా," అన్నాను.

చెయ్యి ఒక్కసారి బిగిసింది. "నవ్వుడేంది? కాళ్లు పట్టుకున్నది గద. ఏడ్చుకుంట చెప్తాంది గద."

"గొంతు ఏడుస్తాంది. తల కిందికి పెట్టి, ఎవలకు కనబడకుంట నవ్వుతాంది."

"అట్ల రాసినవా నువ్వు?"

"అట్లనే రాసిన. మారలే పెద్దమ్మా ఆమె. చూసినోళ్లందరికి తెలుసు."

"అందరికా? మరి మీ అమ్మ?"

"అమ్మ ఆఖరుది కండ్లతోనే చూసింది."

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసింది. చూపులేని కళ్లను తలుపు వైపు తిప్పి, "సుజాతా, ఉన్నవా? నువ్వు జర చూసి చెప్పు. గట్లనే ఉన్నదా?" అంది.

వదిన చాయ్ గ్లాసులతో గడప మీద నిలబడి ఉంది. అదే గడప. ఎంతసేపటినుంచి ఉందో నాకు తెలియదు. తెరమీద వెక్కి వెక్కి ఏడుస్తున్న వసుంధరను చూసింది. పెద్దమ్మ నడుముకున్న తాళాలగుత్తిని చూసింది. నన్ను చూసింది.

"అవునత్తమ్మా," అంది. "నవ్వుతాంది."

వదిన వంగి నాకు గ్లాసు అందించింది. మా అమ్మ నేసిన జంపఖానా మీద కూర్చుని, తొందర లేకుండా, చాయ్ అంతా తాగాను.